నాడి పట్టి ఊపిరి చూసిన మధ్యాహ్నం

మా ఆర్మీ ట్రక్కు పులికాట్ సరస్సు ఒడ్డుకు చేరేసరికి తుఫాను దాటిపోయింది. వాన ఆగింది, గాలి ఆగలేదు. నీళ్లకూ నేలకూ మధ్య గీత చెరిగిపోయింది. స్కూలు వరండాలో వైద్య శిబిరం. పక్క గదిలో వైర్‌లెస్. దీవుల్లో చిక్కుకున్న జాలర్ల కోసం వెళ్లే పడవలకు దారి చెప్పేది అదొక్కటే.

నేను నర్సింగ్ అసిస్టెంటును. సైన్యం నేర్పింది కొంత, సెలవుల్లో మా ఊరు పలమనేరు గ్రంథాలయంలో కూర్చుని చదువుకున్నది కొంత. ఆ రెండోదంటే నాకు ఇప్పటికీ గర్వం.

వైర్‌లెస్ ఆపరేటరుది కార్వేటినగరం. తెల్లారింది మొదలు చెవులకు హెడ్‌ఫోన్లే. వారం తిరక్కుండానే తలనొప్పి పట్టుకుంది.

"తలకు తాడు బిగించినట్టు ఉండాదబ్బా. మెడ తిరగడంలే."

డాక్టరుగారు జ్వరం, మెడ, కళ్లు చూశారు. ఒత్తిడి తలనొప్పి అన్నారు. మామూలు మాత్రకు తగ్గలేదు. పారాసెటమాల్‌తో కోడీన్ కలిసిన మాత్ర రాశారు. కోడీన్ నల్లమందు జాతిది. నొప్పితోపాటు ఊపిరినీ నెమ్మది చేయగలదు. అందుకే నాకు ఆజ్ఞలు: ఇంకేం వాడుతున్నాడో అడుగు. తిన్నాకే ఇవ్వు. రమ్ము ముట్టనీయకు. మత్తు, ఊపిరి కనిపెట్టు. ఒకటి రెండు రోజులు చాలు, అలవాటైతే ఆ మందే తలనొప్పి తెస్తుంది.

"ఇంకేమన్నా మందు వేసుకున్నావా అప్పా?"

"యాడిది? టీ నీళ్లు తప్ప ఏంలేదు."

అన్నం తిని మాత్ర వేసుకున్నాడు. అతని బదులు హవల్దారు వైర్‌లెస్ దగ్గర కూర్చున్నాడు. కాసేపటికి వెళ్లి చూస్తే ఆపరేటరు బెంచీ మీద నిద్ర. పిలిస్తే "ఊఁ" అని మళ్లీ కళ్లు మూశాడు. మణికట్టు పట్టుకున్నాను. ఊపిరి లెక్కిస్తున్నామని తెలిస్తే రోగి తీరు మార్చేస్తాడు. నాడి చూస్తున్నట్టు పట్టుకుని ఛాతీని చూడాలి. గ్రంథాలయంలో చదివిన మాట. నిమిషానికి తొమ్మిది. పన్నెండుకు తగ్గకూడదు.

శిబిరం వంటాయన టీ తెచ్చాడు. "పొద్దున్నించి దగ్గు సిరప్పు గుటకలేస్తా ఉన్నాడు. మత్తు రాదా?"

ఆపరేటరు జేబులో సీసా, సగం ఖాళీ. లేబులు మీద కోడీనే. మా వైపు మాత్ర, సూది అయితేనే మందు. తియ్యటి సిరప్పు కషాయం కింద లెక్క. అతని లెక్కలో అతను అబద్ధం చెప్పలేదు.

నా కేకకు డాక్టరుగారు పరుగున వచ్చారు. ఆక్సిజన్ పెట్టారు. విరుగుడు మందు సిరంజిలోకి ఎక్కించి పట్టుకున్నారు. "మాట్లాడిస్తూ ఉండు."

"అప్పా, నిద్రపోవద్దు. మీ ఊరి కోట సంగతి చెప్పు."

"పాడుబడింది... పో."

"గట్టిగా పీల్చు. ఇంకోసారి."

చొక్కా రెండో గుండీ లేచింది. ఆగింది. చాలాసేపు ఆగింది. మళ్లీ లేచింది. పది. పదమూడు. ఎండ వాలేసరికి పదహారు. విరుగుడు వాడే పని పడలేదు.

అతను కళ్లు పూర్తిగా తెరిచాడు. "ఏమబ్బా, పెండ్లికూతురి చెయ్యి మాదిరి పట్టుకోనుండావు? వదులు."

"తలనొప్పి పోయిందా?"

వంటాయన అందుకున్నాడు. "పోదా మరి? తలతో సహా పోబోయి వచ్చినాడు!"

వరండా అంతా నవ్వు. డాక్టరుగారు కూడా.

నీళ్లు తీశాక తిరిగి వచ్చేశాం. ఇప్పుడు సెలవుకొచ్చినప్పుడు పలమనేరులో ఎవరు మాత్ర అడిగినా, తాగుతున్న సిరప్పులు కూడా చెప్పమంటాను. తిరుపతి బస్సులో పక్క మనిషి నిద్రపోతే నా చూపు అతని చొక్కా గుండీ మీదికి పోతుంది. అది లేచేదాకా కిటికీ వైపు తిరగను.