నా ఎత్తు కట్టె, నా చేతి కట్టె

బజారులో దొరికే పూల్ క్యూ, అదే బల్ల మీద బంతుల్ని కొట్టే కర్ర, పొడవు నాలుగడుగుల పది అంగుళాలు. నా ఎత్తూ సరిగ్గా అంతే. ఈ సంగతి మొదట కనిపెట్టినవాడు మా ఆయన. పెళ్ళయిన కొత్తలో కడపలో మా వీధి చివరి పూల్ పార్లర్‌కు నన్ను తీసుకెళ్ళాడు. గోడకు ఆనించి ఉన్న కర్ర పక్కన నన్ను నిలబెట్టి, "మే, మీరిద్దరూ కవలలే" అన్నాడు. అక్కడున్న నలుగురూ నవ్వారు. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఆ కోపంతోనే కర్ర చేతిలోకి తీసుకున్నాను. ఆ రోజు తెల్ల బంతిని తప్ప దేన్నీ గుంతలో వెయ్యలేకపోయాను కానీ, ఇంటికొచ్చేసరికి ఆట పిచ్చి పట్టుకుంది.

మా ఆయన కరెంటాఫీసులో పనిచేస్తాడు. నేను ఒక ల్యాబులో వచ్చినవాళ్ళకల్లా రక్తం తీస్తుంటాను. నాలుగేళ్ళుగా ఆదివారం మధ్యాహ్నం అన్నం తిని పార్లర్‌కు పోవడం మాకు అలవాటు. ఆ నాలుగేళ్ళలో నేను ఆయన మీద ఒక్క ఆట గెలవలేదు. ఓడిపోయినందుకు ఏడుపు రాదు గానీ, ఓడిపోయిన ప్రతిసారీ ఆయన ఈల వేసుకుంటూ మెట్లు దిగుతాడు చూడండి, అది చూస్తే ఒళ్ళు మండిపోతుంది. ఒక్కసారి, ఒకే ఒక్కసారి ఈయన్ను ఓడించాలి. నా కోరిక అంతకన్నా పెద్దదేమీ కాదు.

పోయిన ఏడాది నా పుట్టినరోజుకు ఆయనే నాకొక క్యూ కొన్నాడు. దానికోసం రెండు వారాలు ఫోనులో తల దూర్చేశాడు. ఆట మొదట్లో బంతుల్ని చెదరగొట్టే బ్రేక్‌కు గట్టి మొన ఉన్నది ఒకటి, బంతిని ఎగరేసి కొట్టడానికి పొట్టిది ఒకటి, మామూలు ఆటకు ఇంకొకటి, ఇలా ఎన్నో రకాలుంటాయట. అన్నీ చదివి, అందరి అభిప్రాయాలూ చూసి, మామూలు ఆటకు పనికొచ్చేది తెప్పించాడు. రెండు ముక్కలుగా విడిపోతుంది, పిడి మీద నీలం రంగు పూలు, పైన అద్దంలాంటి పాలిష్. నిజం చెప్పాలంటే చాలా అందంగా ఉంది. ఆ రాత్రి దాన్ని మంచం పక్కనే పెట్టుకుని పడుకున్నాను.

ఆట దగ్గరే వచ్చింది చిక్కు. నేను వంగితే నా వెనక చెయ్యి పిడి దాకా అందదు, నడిమికి దగ్గరగా పడుతుంది. మిగిలిన కర్రంతా నా వెనక ఊగుతూ ఉంటుంది. దాంతో ఇద్దరి పొట్టల్లో పొడిచాను, గోడమీది క్యాలెండరు చింపాను. "నాలుగు దినాలు ఆడితే అదే అలవాటైతాదిలే" అన్నాడు మా ఆయన. "నేను దానికి అలవాటు పడాల్నా, అది నాకు అలవాటు పడాల్నా బావా?" అని గట్టిగానే అడిగాను. కొన్నదాంట్లో తప్పు లేదు, నా చేతుల్లోనే ఏదో లోపం ఉందని లోలోపల దిగులుగా ఉండేది.

ఈస్టరుకు వేంపల్లెలో ఉన్న మా మామ దగ్గరికి పోయాం. మామ తరిమెన పట్టే మనిషి, కట్టెను గిర్రున తిప్పి ఉలితో నునుపు చేస్తాడు. మంచంకోళ్ళు, కవ్వాలు, రోకళ్ళు, ఉయ్యాల కడ్డీలు తిప్పి తిప్పి ఆయన చేతులు కూడా కర్రలాగే గట్టిపడ్డాయి. మాట చాలా తక్కువ. నేను కోడలిగా వచ్చాక ఆయన నాతో మాట్లాడిన మాటలు ఒక కాగితం మీద రాస్తే రెండో వైపు తిప్పే పని ఉండదు. వసారాలో కూర్చుని నేనూ మా ఆయనా వెంట తెచ్చుకున్న ఆ క్యూ గురించే గొణుక్కుంటూ ఉంటే, మామ లేచి వచ్చి చెయ్యి చాపాడు.

"ఆ కట్టె ఇట్లియ్యిమ్మా."

ఇచ్చాను. బండల మీద దొర్లించి చూశాడు. ఒక కన్ను మూసి దాని పొడవునా చూశాడు.

"మంచి పని. వంక పెట్టేదానికి లేదు. ఇది ఎవురికని చేసినారు?" అన్నాడు.

"అందరికీ నాయనా" అన్నాడు మా ఆయన.

"అందరికీ చేసినారు, ఈ పాపను మర్సిపోయినారు" అని, నా వైపు తిరిగి, "లేసి ఆ రోకలి పట్టుకోమ్మా. నాలుగు పోట్లు పొడువు" అన్నాడు.

పూల్ ఆటకూ రోకలికీ ఏం సంబంధమని మా ఆయన నవ్వాపుకోలేకపోతున్నాడు. మామ పద్ధతి నాకు తర్వాత అత్త చెప్పింది. రోకలి కావాలని ఎవరైనా వస్తే, దంచబోయే మనిషి వచ్చి ఈయన ముందర పాత రోకలితో దంచి చూపిస్తే తప్ప కొత్తది తిప్పడట. నేను పొడుస్తుంటే మామ నా చేతుల వంకే చూసి, అవి పట్టుకున్నచోట బొగ్గుతో గుర్తు పెట్టాడు. తర్వాత క్యూ ఇచ్చి బల్ల మీదికి వంగమన్నాడు. అక్కడా రెండు గీతలు గీశాడు. టేపు పట్టలేదు, ఒక దారం తీసుకుని మూడు ముళ్ళు వేసి జేబులో పెట్టుకున్నాడు.

"చెయ్యి దాని తావుకు అదే పోతాది. మనం సూడల్ల, అంతే" అన్నాడు.

మూడు వారాలకు పాత పంచెలో చుట్టిన కట్టె ఒకటి ఇంటికి తెచ్చిచ్చాడు. ముందు భాగం కూల్చేసిన మిద్దెలోని టేకు వాసం, పిడి నల్లతుమ్మ చేవ, నడుమ ఇత్తడి మర. "అరవై ఏండ్లు ఎండిన వాసం. ఇంగ ఇది వంగేదేమీ ఉండదు" అన్నాడు. నిలబెడితే నా గడ్డం దగ్గరికొచ్చింది. పాలిష్ లేదు, పూలు లేవు. పార్లర్‌లో మొనకు తోలు అంటించుకుని మొదటిసారి వంగినప్పుడు నా వెనక చెయ్యి నేరుగా పోయి పిడి మీద కూర్చుంది. బంతి తగిలిన చప్పుడే వేరుగా ఉంది. నాకు గట్టిగా నవ్వొచ్చేసింది, ఆపుకోలేదు.

అదే నెలలో కర్నూలులో పోటీ అన్నారు. మా పార్లర్ నుంచి ఒక్కరికే చోటు. పార్లర్ ఆయన మాలో మాకే ఆటలు పెట్టి వడబోశాడు. మామ కట్టెతో నేను ఒక్కొక్కరినీ దాటుకుంటూ వచ్చాను. చివరికి మిగిలింది నేనూ మా ఆయనా. ఆదివారం మూడాటలు, రెండు గెలిచినవాళ్ళు కర్నూలుకు. ఆయనకూ పోవాలని ఉందని నాకు తెలుసు. మూడేళ్ళుగా ఆ పోటీ గురించి చెబుతూనే ఉన్నాడు. అయినా సరే, వదిలే ప్రశ్నే లేదనుకున్నాను.

ఇక్కడే నా తెలివి తెల్లారింది. మాది సేద్యం ఇల్లు. మా పుట్టింట్లో కట్టె అన్నది ఏదైనా, పార కామ కానీ గొడ్డలి పిడి కానీ, ఎండాకాలం వచ్చిందంటే ఆముదం తాగాల్సిందే. లేకుంటే పగిలిపోతుంది. కడప ఎండ సంగతి చెప్పనక్కర్లేదు కదా. అంత మంచి కట్టె ఆదివారం లోపల పగిలితే నా గతేం కాను? పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి మొన నుంచి పిడి దాకా ఆముదం పట్టించాను. గురువారానికి కట్టె నా వేళ్ళ మధ్య జారడం మానేసింది. ఎండిపోయి పట్టేస్తోందనుకుని ఇంకాస్త పూశాను. శనివారం ఆడి చూస్తే ఒక్క దెబ్బ కూడా నేరుగా పోలేదు. విసుగొచ్చి, "మీ నాయన చేసింది రోకలేలే, క్యూ కాదు" అనేశాను. మా ఆయన నొచ్చుకున్నాడు. ఆదివారం నీలం పూల క్యూతోనే ఆడాలని నిశ్చయించుకున్నాను.

ఆ ఆదివారం మామ వస్తాడని నాకు తెలియదు. వేంపల్లె బస్సు దిగి, ఇస్త్రీ చొక్కా వేసుకుని, జన్మలో మొదటిసారి పార్లర్ మెట్లెక్కి వచ్చాడు. నా చేతిలో నీలం పూల పిడి చూశాడు. ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని మోకాళ్ళ మీద చేతులు పెట్టుకున్నాడు. నాకు సిగ్గుతో తలెత్తబుద్ధి కాలేదు. మొదటి ఆట చిత్తుగా ఓడిపోయాను.

"నేను చేసింది యాడ పెట్టినారు?" అని మామ కొడుకును అడిగాడు.

"సంచిలో ఉండాది నాయనా. పట్టేస్తాండాదంట" అన్నాడు మా ఆయన, తీసి ఇస్తూ.

మామ దాన్ని వేళ్ళతో ఒకసారి నిమిరి ఆగిపోయాడు. ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.

"ఆముదం పూసినావామ్మా?"

"ఎండకు పగులుతాదేమోనని మామా."

"ఎన్ని దినాలు?"

"వారం. రెండు పూట్లా."

మామ నవ్వడం నేను అంతవరకు చూడలేదు. దగ్గొచ్చేదాకా నవ్వాడు. "పసిబిడ్డకు గూడా ఇంత ఆముదం పుయ్యరు గదమ్మా" అని మళ్ళీ నవ్వాడు. చొక్కా జేబులోంచి ఉప్పుకాగితం ముక్క తీసి, మెట్ల మీద కూర్చుని గీకడం మొదలుపెట్టాడు. ఆయనకు పాత గుడ్డ తెచ్చిచ్చింది ఎవరనుకున్నారు, నా ప్రత్యర్థే. కట్టె కొన పట్టుకుని, తండ్రి చెప్పినట్టల్లా తిప్పుతూ పావుగంట కూర్చున్నాడు. చివర కాస్త పౌడరు రాసి నా చేతికిచ్చారు. వేళ్ళ మధ్య పెట్టుకుంటే నీళ్ళలా జారింది.

రెండో ఆట గెలిచాను. నాలుగేళ్ళలో మొదటి గెలుపు, కానీ సంబరపడే తీరిక లేదు, మూడోది మిగిలింది. "నాయనా, నువ్వు ఎవురి పక్క?" అని అడిగాడు మా ఆయన. "నేను కట్టె పక్క" అన్నాడు మామ. అందరూ నవ్వారు. మూడో ఆట చివరికి ఇద్దరికీ నల్ల బంతి ఒక్కటే మిగిలింది, అది వేసినవాళ్ళదే గెలుపు. వంతు ఆయనది. నడిమి గుంత దగ్గర నల్ల బంతి, ఎదురుగా తెల్ల బంతి. నిద్రలో లేపినా కొట్టేంత సులువు. కొట్టాడు. అంచుకు తగిలి బయటికొచ్చింది. నేను వంగాను, ఊపిరి బిగబట్టి మెల్లగా కొట్టాను. నల్ల బంతి దొర్లుకుంటూ పోయి గుంతలో పడింది.

అందరూ చప్పట్లు కొడుతున్నారు. నాకు మాత్రం సంతోషం రాలేదు, కోపం వచ్చింది. అంత సులువైన బంతి ఈయన తప్పుతాడా? నేరుగా ఆయన ముందుకు పోయి నిలబడ్డాను.

"నిజం చెప్పు బావా. నాకోసం వదిలేసినావా?"

ఆయన ముఖం ఎర్రబడింది. "వదిలేసేదానికి నేనేం పిచ్చోన్నా? కర్నూలు పోవల్లని మూడేండ్ల నుంచి కాసుకోని ఉండా" అన్నాడు.

"అయితే ఎట్ల తప్పినావు?"

చెయ్యి నా ముందుకు చాపాడు. పట్టుకుని చూశాను. చల్లగా ఉంది, అరచెయ్యంతా చెమట. నన్ను చూసి భయపడ్డాడు ఈ మనిషి. ఆ చెమట చేతిని వదలకుండా అందరి ముందూ పగలబడి నవ్వాను.