ఆదివారం గూడ్సు

సింహాచలం కార్ల మీద పగబట్టడానికి కారణం గుమ్మడి వడియాలు. బిలాస్‌పూర్ రైల్వే కాలనీ గోడను ఆనుకుని ఉన్న సందులో ఆయన ఇల్లు. రిటైరైన మరుసటి వేసవిలో ఆయన భార్య అచ్చియమ్మ ఇంటి ముందు పాత చీర పరిచి వడియాలు పెట్టింది. ఎవరింటికో చుట్టపుచూపుగా వచ్చిన కారొకటి తిప్పుకుంటూ ఆ చీర మీదుగా వెనక్కి వెళ్ళింది, మళ్ళీ అదే చీర మీదుగా ముందుకొచ్చింది. అచ్చియమ్మ లబోదిబోమంటే డ్రైవరు అద్దం దించి, "సడక్ గాడీ కే లియే హై, అంకుల్" అని సింహాచలంతో అనేసి పోయాడు. రోడ్డున్నది బళ్ళ కోసమట. వడియాలు పోతే మళ్ళీ పెట్టుకోవచ్చు గానీ, ఆ మాట మాత్రం ఆయనకు లోపలికి దిగింది.

ఆ వారంలోనే స్కూటరు అమ్మేశాడు. ఇకమీదట రైలు తప్ప ఇంకే మోటారు బండీ ఎక్కనని అచ్చియమ్మ మీద ఒట్టు పెట్టుకున్నాడు.

"ఒట్టేదో నీ మీదే పెట్టుకోవచ్చు గదా, మధ్యలో నానేటి చేసేను?" అని ఆవిడ గొణుక్కుంది.

ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అని సందులోవాళ్ళు నవ్వుకున్నారు. ఆయన పట్టించుకోలేదు. బొబ్బిలి దగ్గర్నుంచి ఖలాసీగా వచ్చి ఇక్కడే స్థిరపడ్డ తండ్రికి పుట్టినవాడు. రైల్వే నీళ్ళు తాగి పెరిగినవాడు. సర్వీసంతా గూడ్సు గార్డుగా చేశాడు. గూడ్సు గార్డంటే ఇంజను కంటికి ఆననంత దూరంలో, బొగ్గు పెట్టెల వరసకు ఆఖర్న, చిన్న డబ్బాలో ఒంటరిగా కూర్చునే మనిషి. ఆ డబ్బా వెనక పసుపు రేకు మీద ఎల్.వి. అని నల్లటి అక్షరాలున్న బోర్డు వేలాడుతుంది. చివరి పెట్టె ఇదేనని దాని అర్థం. బండి దాటిపోతుంటే స్టేషనులో ఉన్నవాళ్ళు ఆ బోర్డు కోసం చూస్తారు. అది కనిపించిందంటే బండి మొత్తం వచ్చినట్టే, మధ్యలో తెగి ఏ పెట్టే వెనక మిగిలిపోలేదన్నట్టే. అంతటితో మనసు నిమ్మళించి తర్వాతి పని చూసుకుంటారు. సింహాచలం కళ్ళు కూడా ఆ బోర్డుకే అలవాటు పడ్డాయి.

మొండివాడు రాజుకన్నా బలవంతుడు. మొదట తన సందులోకి ఆదివారం పొద్దున్నపూట కార్లు రాకుండా రెండు డ్రమ్ములు అడ్డం పెట్టాడు. తిట్టినవాళ్ళ పిల్లలే ఆ ఖాళీ రోడ్డు మీద సైకిలు నేర్చుకుంటుంటే తిట్లు తగ్గాయి. తర్వాత పెద్దవాళ్ళను పట్టుకున్నాడు. బుధవారీ బజారుకు కొత్తిమీర కట్ట కోసం కారేసుకొచ్చినవాడు కనిపిస్తే వదిలేవాడు కాదు. "ఏటి బాబూ, కట్ట బరువెక్కువని బండి తెచ్చేవా?" అని నలుగురిలో అడిగేసేవాడు. సిగ్గుపడి కొందరు, సరదాపడి కొందరు సైకిళ్ళు కొన్నారు. చివరికి ప్రతి ఆదివారం తెల్లవారగానే ఓ ముప్పైమంది కలిసి రతన్‌పూర్ దాకా వెళ్ళి అమ్మవారికి దండం పెట్టుకుని వచ్చేవాళ్ళు. నెమ్మదిగా, వరసగా, ఒకరి వెనక ఒకరు వెళ్ళే ఆ బారుకు ఆదివారం గూడ్సు అని కాలనీయే పేరు పెట్టింది. బారుకు ఆఖర్న సింహాచలం. రైల్వే షెడ్డులో పడి ఉన్న పాత ఎల్.వి. బోర్డును అడిగి తెచ్చుకుని, తాళ్ళు కట్టి వీపుకు తగిలించుకునేవాడు. ఇంటి దగ్గర ఆ బోర్డు సందు తిరిగిందంటే అందరూ క్షేమంగా వచ్చేసినట్టు. ఇంక లెక్కపెట్టుకునే పని ఎవరికీ ఉండేది కాదు.

ఇంత చక్కగా నడిచిన పని ఎక్కడ చెడిందని తర్వాత తలా ఒక మాట అన్నారు. ఎండ అన్నారు, వయసు అన్నారు, రాత అన్నారు. రాతకేం, అన్నీ మోస్తుంది. చెడింది ఒక శాలువా దగ్గర.

శేషగిరిరావు బొగ్గు కంపెనీలో ఆఫీసరు, గుంటూరు వైపు మనిషి, ఊళ్ళోనే కుదుదండ్‌లో కాపురం. షుగరుంది, నడవమని డాక్టరు చెప్పాడు. నడవడానికి రోజూ కారెక్కి మైదానానికి వెళ్ళేవాడు. తెలుగువాళ్ళ వినాయక చవితి పందిట్లో ఆ సంగతి విన్న సింహాచలానికి ఆకలేసినవాడికి అన్నం దొరికినట్టైంది. నెల్లాళ్ళు వెంటపడ్డాడు. శేషగిరిరావు మంచివాడు, మాట తీసెయ్యలేడు. ముందు సైకిలు కొన్నాడు. బరువు తగ్గి, నిద్ర పడుతుంటే సింహాచలం మీద గురి కుదిరి, సంక్రాంతి దాటాక కారు కూడా అమ్మేశాడు. ఆ రోజు సింహాచలం కాలర్ ఎగరేసుకు తిరిగాడు.

శేషగిరిరావు భార్య హైమావతికి మాత్రం ఇది మొదట్నుంచీ భయమే. రతన్‌పూర్ రోడ్డు మీద లారీలు తిరుగుతాయి. మనిషి చూస్తే ఒంట్లో బాగోకపోయినా పైకి చెప్పడు. మొదటి ఆదివారం ఆమె గేటు దాకా వచ్చింది.

"బాబాయి గారూ, ఈయన అలిసిపోతే అలిసిపోయానని చెప్పరు. మీరు కొంచెం కనిపెట్టుకుని ఉండాలి."

"ఆఖర్న ఉండేది నేనేనమ్మా. నా వెనక ఎవరూ మిగలరు. బాబుని నీ గుమ్మంలో దింపేకే నేను ఇంటికెల్తాను."

ఆమె మొహం తేటపడింది. అప్పట్నుంచి ప్రతి ఆదివారం, సందులో టీలయ్యాక శేషగిరిరావును గుమ్మం దాకా దింపి, ఆయన ఆ మాట నిలబెట్టుకున్నాడు. శేషగిరిరావు ఎప్పుడూ బారులో చివర, ఆయన వెనక సింహాచలం.

ఫాల్గుణం వెళ్ళిపోతోంది. రోడ్డు పక్క మోదుగలు పూసి రాలుతున్నాయి. ఆ ఆదివారం రతన్‌పూర్లో అందరూ ఫలహారాలు చేస్తుంటే సింహాచలానికి ఫోనొచ్చింది. వార్డు కార్పొరేటరు దగ్గర పనిచేసే రాజేంద్ర. బిలాస్‌పూర్లో కార్లు లేని సందును తయారుచేసినందుకు కార్పొరేటరు ఆయనకు శాలువా కప్పుతారట, పేపరువాళ్ళు కూడా వస్తున్నారట. సైకిళ్ళు సందులోకి వస్తుంటే ఎదురుగా నిలబడి స్వాగతం చెబుతున్నట్టు ఫోటో కావాలట. మీరు అందరికంటే ముందు వచ్చేయండి గార్డ్ బాబూ అన్నాడు.

ముప్పై ఏళ్ళు బండి వెనకాల కూర్చున్న మనిషికి ఒక్కసారి ముందు నిలబడాలనిపించింది. తప్పని ఎలా అంటాం? ఎవరికైనా అనిపిస్తుంది.

గార్డు తన బండిని ఇంకొకరికి అప్పగించేటప్పుడు చేతులు దులుపుకుని దిగిపోడు. ఏ పెట్టె బ్రేకు సరిగ్గా లేదో, దేనిమీద కన్నేసి ఉంచాలో అన్నీ చెప్పి దిగుతాడు. సర్వీసంతా సింహాచలం అలాగే దిగాడు. ఆ పూట మాత్రం బారులోనే వచ్చిన, షెడ్డులో పనిచేసే తన మేనల్లుడు దిలీప్ వీపుకు బోర్డు తగిలించి, "ఆఖర్న రా" అని ఒక్క మాటే అన్నాడు. శేషగిరిరావు అప్పుడు గుడి దగ్గర కొబ్బరికాయ కొట్టించుకుంటున్నాడు. సింహాచలం వెళ్ళిపోవడం ఆయన చూడలేదు. బారు కదిలినప్పుడు ఎప్పట్లాగే చివర నిలబడ్డాడు. బోర్డు వీపుకుంటుంది కాబట్టి ముందున్నవాడికి అది ఎవరి వీపున ఉందో కనబడదు. వెనక సైకిలు చప్పుడు వినిపిస్తోంది, అది బాబాయి గారిదే అనుకున్నాడు.

సందులో సింహాచలం తల దువ్వుకుని నిలబడ్డాడు. సైకిళ్ళు ఒక్కొక్కటే తిరిగాయి. గంటలు మోగించారు, చప్పట్లు కొట్టారు. జనం మధ్యలోంచి పసుపు బోర్డు కనబడింది. దిలీప్ అటు తిరిగి సైకిలు స్టాండు వేస్తున్నాడు. బోర్డు చూడగానే సింహాచలం మనసు అలవాటు ప్రకారం నిమ్మళించింది. బండి మొత్తం వచ్చేసింది అనుకున్నాడు. మెడ వంచి శాలువా కప్పించుకున్నాడు.

అచ్చియమ్మ అందరికీ ఉప్మా పెడుతోంది. శేషగిరిరావు కోసం విడిగా చక్కెర లేని టీ పెట్టడం ఆవిడకు అలవాటు. ఆ గ్లాసు పట్టుకుని రెండుసార్లు అటూ ఇటూ తిరిగి, మొగుడి దగ్గరికొచ్చింది.

"ఏటయ్యా, శేషగిరి బాబు అగుపించడు?"

"ఇక్కడే ఎక్కడో ఉంటాడు. బోర్డు వచ్చేసింది గదా."

అన్నాడు గానీ, అనగానే దిలీప్‌ను పక్కకు పిలిచాడు.

"శేషగిరి బాబు నీ ముందే ఉన్నాడా?"

"ముందే ఉన్నాడు మావయ్యా. మధ్యలో నేను ఫోన్ చూస్తున్నా... తర్వాత కనబళ్ళేదు. జోరుగా ఎల్లిపోయేడనుకున్నాను."

శేషగిరిరావు జోరుగా వెళ్ళిపోయే మనిషి కాడు. సింహాచలం గోడ పక్కకు జరిగి ఆయనకు ఫోను చేశాడు. మోగింది, ఎత్తలేదు. మళ్ళీ చేశాడు. మళ్ళీ మోగింది. హైమావతి నంబరు తెరమీదికి తెచ్చి, చూసి, తీసేశాడు.

డ్రమ్ముల అవతల రాజేంద్ర కారు ఇంజను ఆపకుండా నిలబడి ఉంది. "ఎక్కడికైనా వెళ్ళాలా గార్డ్ బాబూ, దింపేస్తాను" అని రాజేంద్ర తనంతట తానే అడిగాడు. ఎక్కి కూర్చుంటే గంటలో ఆ రోడ్డంతా చూసి రావచ్చు. కానీ ఎందుకని అడుగుతారు. ఒక మనిషిని వెనక వదిలేసి వచ్చి శాలువా కప్పించుకున్నాడని సందంతా తెలుస్తుంది. పేపరువాడు ఇంకా అక్కడే ఉన్నాడు.

"నేను కారెక్కను బాబూ, ఒట్టుంది" అన్నాడు సింహాచలం నవ్వుతూ. పక్కనున్నవాళ్ళు చప్పట్లు కొట్టారు.

ఆ చప్పట్లు చెవుల్లో ఉండగానే, ఎవరికీ చెప్పకుండా సైకిలు తీశాడు. శాలువా తీసి హ్యాండిలుకు చుట్టాడు.

ఎండ ముదిరింది. కుదుదండ్ మలుపు దగ్గర తల దించుకుని తొక్కాడు. హైమావతి బాల్కనీలో బట్టలు ఆరేస్తూ కనిపిస్తుందేమోనని భయం. అర్పా నది దాటాక ఊరు పలచబడింది. లారీ పక్కనుంచి వెళ్ళినప్పుడల్లా బొగ్గు పొడి మొహాన కొట్టింది. రోడ్డు వారన ఏది పడి ఉన్నా ఆగి చూశాడు. ఒకచోట నీలం రంగు గుడ్డ కనబడి దిగాడు; సిమెంటు సంచి. ఒకచోట కాకులు మూగి ఉన్నాయి, కుక్క. మనసులో అమ్మవారిని వేడుకున్నాడు. సైకిలు పాడై ఉండాలి, ఎవరో తెలిసినవాళ్ళు కనబడి మాటల్లో పడి ఉండాలి, పరువు పోయినా పర్లేదు, నలుగురూ ఉమ్మేసినా పర్లేదు. ఆ మాట ఇంటి దగ్గరే అనుకుని ఉంటే కారెక్కేవాడు. ఇప్పుడు కాళ్ళు తప్ప ఏమీ లేవు.

రోడ్డు పక్క టీ కొట్టు ముందు శేషగిరిరావు సైకిలు నిలబెట్టి ఉంది, తాళం కూడా వేసి ఉంది. లోపల బల్ల మీద ఆయన పడుకుని ఉన్నాడు. చొక్కా చెమటకు తడిసి ఒంటికి అతుక్కుపోయింది. కొట్టు ముసలమ్మ అట్టముక్కతో విసురుతోంది. ఊపిరి ఆగి ఆగి వస్తోంది.

సింహాచలం పేరు పెట్టి పిలిచాడు. కనురెప్ప కదిలింది, కళ్ళు తెరుచుకోలేదు.

"గార్డు బాబువి నువ్వేనా?" అంది ముసలమ్మ తన ఛత్తీస్‌గఢీలో. తర్వాత చెప్పుకొచ్చింది. వచ్చినప్పుడు బాగానే మాట్లాడాడు, ఛాతీ పట్టేసినట్టుందని కొట్టు వెనక బోరింగు దగ్గర మొహం కడుక్కున్నాడు. ఆ తర్వాత ఆవిడే రెండు కార్లను ఆపింది. రెండోవాళ్ళు చెయ్యి పట్టుకుని ఎక్కించబోయారు కూడా. ఆయన ఎక్కలేదు. "గార్డ్ బాబు పాఛూ ఆవత్ హే" అన్నాడు. వెనక గార్డు వస్తున్నాడు, నేను కనబడకపోతే ఆ పెద్దాయన ఈ ఎండలో వెతుక్కుంటాడు అన్నాడు. వాళ్ళు వెళ్ళిపోయారు. కాసేపటికి పడుకున్నాడు. నిద్రపోతున్నాడేమో అనుకున్నానంది.

సింహాచలం రోడ్డు మధ్యలోకి వెళ్ళి రెండు చేతులూ చాపి నిలబడ్డాడు. ఒక కారు హారను కొట్టి పక్కనుంచి పోయింది. ఇంకొకటి వేగం తగ్గించి, చూసి, పోయింది. మూడోదానికి అడ్డంగా సైకిలు పడేశాడు. గుడి నుంచి వస్తున్న కుటుంబం, బొట్లు ఇంకా తడిగానే ఉన్నాయి. పిల్లల్ని ముందు సీట్లోకి లాక్కుని చోటిచ్చారు. శేషగిరిరావు తల ఒళ్ళో పెట్టుకుని సింహాచలం వెనక కూర్చున్నాడు. ఛాతీ మీద అరచెయ్యి ఆనించి ఉంచాడు. జోరుగా పోనివ్వు బాబూ అని డ్రైవరును బతిమాలాడు. కారు చాలా జోరుగానే పోయింది.

ఊరి శివారున కోని దాటుతుండగా అరచేతి కింద కదలిక లేదు. చెయ్యి తీసి మళ్ళీ ఆనించాడు. చెవి ఆనించాడు. డ్రైవరుకు చెప్పలేదు.

శేషగిరిరావు జేబులో ఫోను మోగింది. తెర మీద హైమావతి పేరు. మోగి ఆగుతుందేమో అని చూశాడు, ఆగలేదు. ఎత్తాడు.

"ఏవండీ, ఇంత ఆలస్యమైందేం?" అంది ఆమె. "సర్లెండి, ఎండగా ఉంది, తొందరపడకండి. బాబాయి గారు వెనకాల ఉన్నారు కదా, నెమ్మదిగా రండి."

"అమ్మా, నేను సింహాచలాన్ని."

"మీరా బాబాయి గారూ? ఆయన అలిసిపోయారా? మీరు వెనక ఉన్నారనే ధైర్యంతోనే ఇందాకట్నుంచి ఫోన్ చెయ్యలేదు."

"లేనమ్మా," అన్నాడు సింహాచలం. "నేను వెనకాల లేను. ముందొచ్చేసేను."

పక్కనుంచి లారీ పోతోంది. వినబడలేదు, ఇంకోసారి చెప్పండి అంది హైమావతి. ఆయన ఇంకోసారి చెప్పాడు.