డెబ్బై ఏడు దగ్గర ఆగిన ముల్లు

పంతొమ్మిది వందల ఎనభై నాలుగో, ఎనభై ఐదో సరిగా గుర్తులేదు. వానాకాలమని మాత్రం గుర్తుంది. బొంబాయి కామాటిపురాలో మేముండే అద్దెగదుల మేడ, మా చాల్ కింద నల్లా దగ్గర రెండు బకెట్లు నింపుకుని మెట్లెక్కుతున్నాను. రెండో అంతస్తు మలుపులో బొడ్డు దగ్గర ఏదో పట్టేసినట్టయింది. బకెట్లు దించి చెయ్యి పెట్టి చూసుకుంటే నిమ్మకాయంత ఉబ్బు. పడుకుంటే లోపలికి పోయింది. పోయింది కదా అని ఊరుకున్నాను. ఒంటి సంగతి వచ్చేసరికి ఊరుకోవడమే నాకు అలవాటు.

నెల తిరిగేసరికి దగ్గినా తుమ్మినా బయటికొచ్చేది. మా ఆయన పోరు పెట్టి పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాడు. సర్జన్ దగ్గమని, నొక్కి చూసి, "అంబిలికల్ హెర్నియా, బొడ్డు దగ్గర పేగు బయటికి తోసుకొస్తోంది" అన్నాడు. రక్తం, షుగర్, ఇ.సి.జి., ఎక్స్‌రే అన్నీ అయ్యాక బరువు చూశారు. మిషన్ ముల్లు ఎనభై నాలుగు కిలోల దగ్గర నిలబడింది. నేను ఐదడుగుల మనిషిని. పొద్దస్తమానం చేట ఒళ్ళో పెట్టుకుని బీడీలు చుట్టే పని నాది. ఒళ్ళు రాక ఏం చేస్తుంది?

"ఆపరేషన్ చెయ్యాల్సిందే. కానీ ఈ బరువుతో అనస్థీషియా రిస్క్, కుట్లు కూడా నిలవవు. డెబ్బైకి రండి, డేట్ ఇస్తాను" అన్నాడు సర్జన్. "అప్పటిదాకా బరువులు ఎత్తొద్దు. ఉబ్బు లోపలికి పోకపోతే, వాంతులైతే వెంటనే క్యాజువాల్టీకి రండి. పేగు ఇరుక్కుంటే ప్రాణం మీదికొస్తుంది."

బరువులు ఎత్తొద్దంటే మా చాల్‌లో ఒకటే అర్థం, నీళ్ళు మోయొద్దని. నీళ్ళొచ్చే వేళకు మా ఆయన వర్లిలో పనికి బయల్దేరాలి. మిగిలింది అత్తమ్మ. అరవై దాటిన మనిషి. ఒక్కో అంతస్తులో ఆగి, గోడకు చెయ్యి ఆనించి, మళ్ళీ ఎక్కేది. మెట్ల మీద ఆ ఆయాసం వింటూ లోపల కూర్చోవడం నాకు నొప్పి కంటే ఎక్కువ బాధగా ఉండేది. త్వరగా డెబ్బైకి రావాలి, ఆమె చేతిలోంచి ఆ బకెట్టు తీసుకోవాలి. నాకు వేరే ఆలోచన ఉండేది కాదు.

ఆసుపత్రిలోనే ఉండే డైటీషియన్ మేడం రోజుకు పదిహేను వందల క్యాలరీల లెక్కన చార్టు రాసిచ్చింది. ఇన్ని జొన్నరొట్టెలు, ఇంత పప్పు, ఇంత అన్నం. కడుపు కాలినా పాటించాను. చలికాలానికల్లా డెబ్బై ఏడుకు వచ్చాను. చాల్‌లో ఆడవాళ్ళు నా జాకెట్టు వదులైందని ముచ్చటపడ్డారు.

అక్కడ ఆగిపోయింది. ఎన్నిసార్లు వెళ్ళినా ముల్లు డెబ్బై ఏడు దాటి కిందికి రాదు. అదే తిండి తింటున్నాను, అదే ఆకలికి ఓర్చుకుంటున్నాను. మిషన్ మీదే అనుమానం వచ్చింది నాకు.

పక్క గదిలో ఉండే సుమన్ తాయి, అంటే సుమన్ అక్క, మరాఠీ మనిషి, మంచి మనసు. "మంగళవారం గణపతికి, గురువారం దత్తుడికి ఉపాస్ చెయ్యి. పుణ్యం వస్తుంది, ఒళ్ళూ తగ్గుతుంది" అంది. మాకు శనివారం ఒక్కపొద్దు ఎలాగూ ఉంది. ఆపరేషన్ డేట్ వచ్చేదాకా వారానికి మూడు రోజులు ఉంటానని మొక్కుకున్నాను. ఉపవాసం నాడు అన్నం, రొట్టె ముట్టేదాన్ని కాదు. తాయి పద్ధతిలోనే సాబుదానా కిచిడీ, అదే సగ్గుబియ్యంతో చేసేది. మా శనివారం కూడా అదే పద్ధతిలోకి మారిపోయింది.

ఈసారి ముల్లు కదిలింది, పైకి. డెబ్బై ఎనిమిది! కోపమొచ్చి రాత్రి భోజనం పూర్తిగా మానేశాను. వారం తిరక్కుండానే గదుల ముందు గ్యాలరీలో కళ్ళు తిరిగి పడ్డాను. ఉబ్బు బయటికొచ్చి గట్టిగా నిలబడిపోయింది. క్యాజువాల్టీలో డాక్టర్ మెల్లగా దాన్ని లోపలికి పంపేదాకా అత్తమ్మ నా చెయ్యి వదల్లేదు. "ఈసారి అదృష్టం. ప్రతిసారీ ఇలా పోదు" అన్నాడాయన.

మర్నాడు డైటీషియన్ దగ్గరికి వెళ్తే అత్తమ్మ కూడా వచ్చింది. నిన్న పొద్దున్నుంచి ఏం తిన్నారని మేడం అడిగింది. "నిన్న ఉపవాసం, ఏమీ తినలేదు" అన్నాను.

"ఏం దినలేదే? సాబుదానా దిన్నవ్ గదా, పల్లీలేసి, పిలేటు నిండ. మల్ల ఆలుగడ్డ చిప్స్. రెండు కేలా పండ్లు" అంది అత్తమ్మ తెలుగులో.

అత్తమ్మ ఏమంటోందని తెలుగు రాని మేడం అడిగింది. నా బండారం నేనే హిందీలో చెప్పాల్సి వచ్చింది.

ఆవిడ తిట్టలేదు. సాబుదానా అంతా పిండేనని, పల్లీలు, ఆలుగడ్డ, నూనె కలిస్తే ఆ ఒక్క ప్లేటే ఒక పూట భోజనాన్ని మించిపోతుందని చెప్పింది. "ఇంకో సంగతి. ఈ చార్టు ఎనభై నాలుగు కిలోల మనిషికి రాసింది. ఇప్పుడు మీ ఒంటికి అంత ఖర్చు లేదు. అందుకే ఉపవాసాల కంటే ముందే ఆగిపోయారు. అలాగని పస్తులుంటే కండ కరుగుతుంది, కళ్ళు తిరుగుతాయి, రేపు కుట్లు మానవు." ఒళ్ళు తగ్గినప్పుడు జాకెట్టుకు కుట్లు పట్టించుకున్నాను, తిండికీ అలాగే కొత్త కొలత వేయించుకోవాలని తోచలేదు. చార్టు పదమూడు వందలకు మారింది. అన్నం, చాయ్‌లో చక్కెర తగ్గాయి, పప్పు కొంచెం పెరిగింది. మూడు పూటలూ తప్పకుండా తినాలి, సాయంత్రం నడవాలి. ఉపవాసాలు బంద్.

బయటికొచ్చాక ఏడ్చేశాను. మొక్కు మధ్యలో వదిలి ఆపరేషన్ బల్ల ఎక్కడమంటే భయమేసింది.

"మొక్కు ఇంటిది, నీ ఒక్కదానిదా? ఆ ముగ్గురు దేవుళ్ళకూ నేనుంట ఒక్కపొద్దు. మా పాలమూర్ల ఒక్కపొద్దంటే ఒక పూట తినుడే, గిన్ని పల్లీలెవలు దింటరు?" అంది అత్తమ్మ.

"నీ వయసుకు ఉపాసాలేంది అత్తమ్మా?"

"నీళ్ళు మోస్తలేనా? గిదొకటి మొయ్యనా?"

ఇంటికెళ్ళి మేడం చెప్పినంతా తిన్నాను.

తగ్గడం మెల్లగానే సాగింది. మధ్యలో మళ్ళీ ఒకసారి ఆగితే ఉపవాసం జోలికి పోకుండా మేడం దగ్గరికే పోయాను. తర్వాతి వానలకు ముందే డెబ్బైకి వచ్చాను, ఆపరేషన్ అయింది. కొన్ని నెలల తర్వాత సర్జన్ సరేనన్నాక, సగం బకెట్టు పట్టుకుని మెట్లెక్కాను. పైన గ్యాలరీలో నిలబడి చూస్తున్న అత్తమ్మ "సగమే తెచ్చినవ్?" అని మొహం అటు తిప్పుకుని కళ్ళు తుడుచుకుంది. అప్పట్నుంచి నీళ్ళు మోసే పని నాది. శనివారం ఒక్కపొద్దు మాత్రం ఆమె ఆ తర్వాత కూడా వదల్లేదు.

ముల్లు ఆగిపోయినవాళ్ళకు నేను చెప్పేది ఒక్కటే. మీ అంతట మీరు పూటలు కొట్టెయ్యకండి, చార్టు రాసినవాళ్ళ దగ్గరికే వెళ్ళి ఇప్పటి బరువుకు కొత్త లెక్క అడగండి. వెళ్ళేటప్పుడు, మీరు తినేది రోజూ కళ్ళారా చూసే మనిషిని వెంట తీసుకెళ్ళండి.