పిన్ని చేతులు

మా పిన్ని బట్టల కొట్లో పనిచేస్తుంది. ఆవిడ నోటికంటే ముందు చేతులు మాట్లాడతాయి. "ఒంటిమీద జారిపోతుందమ్మా" అనేలోపే వేళ్ళు గాల్లో మెత్తగా కిందికి జారతాయి. ఫోన్లో మాట్లాడుతున్నా అంతే. "అవతలివాళ్ళకి కనబడతాయటే ఆ చేతులు?" అని బాబాయ్ ఏడిపిస్తుంటాడు.

తెరమీద మాట్లాడే బొమ్మ మనుషులకి చేతులు కదపడం నేర్పడం నా ఉద్యోగం. మా బొమ్మ పిల్ల గడగడా మాట్లాడుతుంది కానీ, చేతులు మాత్రం ఈగలు తోలుతున్నట్టుంటాయి. "చిన్న గది" అంటూ బార్లా చాపేస్తుంది. ఏ మాటకి ఏ కదలికో దానికి తెలియాలంటే, మనుషులు మాట్లాడుతుండగా రికార్డు చేసి చూపించాలి. నాకు పిన్ని గుర్తొచ్చింది.

ఆఫీసుకి తీసుకొచ్చి, కదలికలు పట్టే సెన్సర్లున్న గ్లవ్స్ తొడగ్గానే ఆవిడ బిగుసుకుపోయింది.

"ఏం చెప్పమంటావే?"

"ఇల్లు మారినప్పుడు బీరువా మెట్లమీద ఇరుక్కుంది చూడు, అది చెప్పు."

ఇంకేముంది! బీరువా ఒరిగింది, బాబాయ్ గోడకి అతుక్కుపోయాడు, పక్కింటాయన కిందనుంచి తోశాడు. అన్నీ ఆ చేతుల్లోనే కనిపించాయి. గదిలో అందరం పడీపడీ నవ్వాం.

తర్వాత ఆ రికార్డులో అక్కర్లేని కదలికలు తీసేసి శుభ్రం చేస్తుంటే, ఎడమచేతిలో సన్నటి వణుకు కనిపించింది. చెయ్యి ఒళ్ళో ఊరికే పెట్టుకున్నప్పుడే. గ్లవ్ పాడైందనుకున్నాను. పిన్నిని మళ్ళీ పిలిచి ఇంకో జత తొడిగించాను. వణుకు పోలేదు. అవే నేను తొడుక్కుంటే ఏమీ లేదు.

క్యాంటీన్‌కి తీసుకెళ్ళి అడిగాను. పిన్ని కుడిచేత్తో ఎడమచెయ్యి పట్టుకుంది.

"తెలుసులేవే. బట్టలు మడతపెడుతుంటే మొరాయిస్తోంది. వయసనుకున్నాను."

"బాబాయ్‌కి చెప్పావా?"

"ఆయన అసలే కంగారు మనిషి."

నేను తీసుకెళ్తే డాక్టరు నడిపించి చూశాడు, వేళ్ళు ఆడించమన్నాడు. నరాల జబ్బని తేల్చాడు. పూర్తిగా పోదు, కానీ తొందరగానే బయటపడింది కాబట్టి మందులతో చాలాకాలం నెట్టుకురావచ్చన్నాడు. బాబాయ్ రెండ్రోజులు ముఖం ముడుచుకుని, "నాతో చెప్పకుండా ఆ గ్లవ్స్‌తో చెప్పుకున్నావన్నమాట" అన్నాడు. ఆ తర్వాత మందుల డబ్బా తన చేతిలోకి తీసుకున్నాడు.

ఆఫీసులో ఇంకో చిక్కొచ్చింది. వణుకు ఉంటే బొమ్మ సహజంగా ఉంటుందని ఒకరు, తీసెయ్యాలని ఒకరు. నేను పిన్నినే అడిగాను.

ఆవిడ ఒళ్ళో ఉన్న ఎడమచెయ్యి చూసుకుంది.

"తీసెయ్యవే. మిగతావన్నీ నేను చెప్పాలనుకుని చెప్పినవి. అది నా మాట కాదు." లేవబోయి ఆగింది. "అసలుది మాత్రం పారెయ్యకు. ముందుముందు డాక్టరుకి పనికొస్తుందేమో."

కొట్లో ఇప్పుడు మడతపెట్టే పని పక్కనున్నావిడది. బేరానికొచ్చినవాళ్ళకి చూపించడం పిన్నిదే. ఏడాది తర్వాత మళ్ళీ రికార్డు చేశాం. రెండూ పక్కపక్కన పెట్టి చూసి, డాక్టరు "పెద్దగా ముదరలేదు" అన్నాడు. బయటికొచ్చాక బాబాయ్ పిన్ని ఎడమచెయ్యి పట్టుకుని రోడ్డు దాటించాడు.