జరీ పెట్టె తాళంచెవి

మా తమ్ముడు పన్నెండేళ్లు గంజాయితోనూ మాత్రలతోనూ కాపురం చేసి, ఆరు నెలలు ఆ అలవాటు మాన్పించే ఆసుపత్రిలో ఉండి, పోయిన ఉగాదికి ముందు ఇంటికొచ్చాడు. పంపించేటప్పుడు అక్కడి డాక్టరు నాతో, "మీరు తోడుగా ఉండండి, చాలు" అన్నాడు. తోడంటే ఏం చెయ్యాలో చెప్పలేదు. పోలీసు పనేమో అనుకున్నాను.

మాది ఎమ్మిగనూరు. నా పుట్టిల్లూ అత్తిల్లూ మగ్గాల వీధిలోనే, మధ్యలో నాలుగిళ్లు. అమ్మా వాడూ ఆ ఇంట్లో ఉంటారు, నేను ఈ ఇంట్లో. వాడొచ్చిన రోజే నేను చట్టాలు చేశాను. చేతికి డబ్బు ఇవ్వకూడదు. ఫోను ఉండకూడదు. బజారులో ఉన్న మందుల షాపులన్నిటికీ స్వయంగా పోయి, "వీనికి దగ్గుమందు గూడా ఇయ్యొద్దండన్నా" అని చెప్పి వచ్చాను. ఒక షాపాయన వాడి ఫోటో అడిగితే అదీ ఇచ్చాను.

అన్నిటికంటే పెద్ద చట్టం జరీ పెట్టెది. అది మా నాన్న జరీ, పట్టు దాచుకున్న ఇనప్పెట్టె. ఆ జరీని మా వాడు ఏనాడో అమ్ముకున్నాడు. తర్వాత అమ్మ వేసుకునే నిద్రమాత్రలు అట్టకు అట్ట తానే మింగి, మూడు రోజులు మమ్మల్ని ఆసుపత్రి వరండాలో కూర్చోబెట్టాడు. అందుకని అమ్మ మాత్రలన్నీ, షుగరువీ బీపీవీ నిద్రవీ, ఆ ఖాళీ పెట్టెలో పెట్టి తాళం వేశాను. తాళంచెవిని నా తాళిబొట్టుకు పిన్నీసుతో తగిలించుకున్నాను. పూటపూటా పోయి, పెట్టె తెరిచి, పూజారి తీర్థం పోసినట్టు అమ్మ అరచేతిలో మాత్ర వేసి, మళ్లీ తాళం వేసి వచ్చేదాన్ని.

"నీ మొగుని కంటే ఆ తాళంచెవే నీ గుండెకు దగ్గర" అని అమ్మ ఎగతాళి చేసేది.

రోజుకు రెండుసార్లు వాడి నోరు వాసన చూడటం కూడా నా పనే. మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకుని నేస్తున్నవాడి మీదికి వంగి, "ఆ అను" అనేదాన్ని. బుద్ధిగా అనేవాడు.

"ఏమొచ్చిందక్కా?"

"ఉల్లిగడ్డ."

"పొద్దున బొరుగుల ఉగ్గాని తింటి గదా."

వాడు నవ్వేవాడు. నాకు నవ్వొచ్చేది కాదు. వాడు మళ్లీ ఆ దారి పడితే అమ్మ బతకదు. నేను కూడా ఇంకోసారి తట్టుకోలేను. వాడి చేతులు అప్పట్లో వణికేవి. పోగు తెగితే అతకడానికి పది నిమిషాలు పట్టేది. నేను ఓపిక లేక వాడి చేతిలోంచి లాక్కుని నేనే అతికేసి పోయేదాన్ని.

కార్తీకంలో ఆదోనిలో మా ఆడబిడ్డ కూతురి నిశ్చితార్థం వచ్చింది. పొద్దున అమ్మకు మాత్రలు వేసి, మధ్యాహ్నానివి బయట పెట్టి పోవాలనుకున్నాను. బస్సుకు టైమవుతోందని మా ఆయన గోల. చీర కుచ్చిళ్లు సర్దుకునే హడావిడిలో మాత్రలు పెట్టెలోనే ఉండిపోయాయి. తాళంచెవి నాతోపాటు బస్సెక్కింది.

మధ్యాహ్నం పిల్లకు చీర పెడుతున్నారు, బ్యాండు మోగిపోతోంది. హాలు గుమ్మంలో మా తమ్ముడు కనిపించాడు. తల నుంచి కాళ్ల దాకా తెల్లగా దూది, మీసాలకు కూడా. కళ్లు ఎర్రగా మండుతున్నాయి. నా వెనక మా వీధి పెద్దాయన ఒకాయన, "మళ్లా మొదలుపెట్టినాడు సూడు" అన్నాడు. వాణ్ని వంటపాత్రల వెనక్కు లాక్కుపోయి, గడ్డం పట్టుకుని, "ఆ అను" అన్నాను.

అన్నాడు. ఉల్లిగడ్డ.

"ఏమిరా ఈ వేషం? యాడికొచ్చినావు?"

"నీకాడికే. అమ్మ అన్నానికి ముందు ఏసుకునే మాత్ర పెట్టెలో ఉండాది. తాళంచెవి నీ మెడలో ఉండాది. ఫోను సేసి సేసి అమ్మకు ఏలు నొప్పి పుట్టింది."

ఫోను తీసి చూశాను. పద్నాలుగు కాల్స్. బ్యాండు మోతలో ఒక్కటీ వినపడలేదు.

"షాపులో తెచ్చుకోరాదా?"

"పోయినా. డాక్టరు మందులు రాసిచ్చిన సీటీ సూపించినా. ఆయప్ప నాకు నా ఫోటో సూపించినాడు. పక్కింటోళ్లను తెచ్చియ్యమని అడిగితే, మీ అక్క రానీ అంటాండారు."

"బస్సుకు దుడ్లు యాడివి?"

"యాడివి? ఈడ మార్కెట్టుకు పత్తి లారీ వస్తాంటే మూటల మీద పండుకోని వచ్చినా."

"పిచ్చోడా, ఆ తాళం పగలగొట్టుకోలేవా?"

అనేసి నాలుక కరుచుకున్నాను. మా వీధిలో వాడు పగలగొట్టని తాళం లేదు. వాడు మీసాల మీది దూది గిల్లుకుంటూ నిలబడ్డాడు.

"ఒక్క దెబ్బ సాలు. సుత్తె గూడా తీసినా. అమ్మ గూడా కొట్టురా అనింది. కొట్టినానంటే అమ్మ మాత్ర కోసరమని ఎవురు నమ్ముతారక్కా? నువ్వు నమ్ముతావా?"

నమ్మేదాన్ని కాదు. చెడు దారులన్నీ మూస్తున్నాననుకుని, వాడు మంచి చెయ్యడానికి ఉన్న దారులు కూడా నేనే మూసేశాను. చాలా సిగ్గేసింది.

పిన్నీసు తియ్యబోతే ఒక పట్టాన రాలేదు. శుభకార్యంలో తాళి పట్టుకుని పెనుగులాడుతున్నానని ఒక ముసలావిడ నోరు వెళ్లబెట్టి చూసింది. చివరికి తాళంచెవి, బస్సు చార్జీ వాడి చేతిలో పెట్టాను.

"నువ్వు రావా?"

"అన్నం తినాల. నువ్వు పో."

వెనక నుంచి ఆ పెద్దాయనే, "దొంగ చేతికి తాళాలిచ్చినట్టే" అన్నాడు. నా భయమూ అదే. విస్తరి ముందు కూర్చున్నాను గానీ బొబ్బట్టు నోట్లోనే ఉండిపోయింది. మధ్యలో ఏ సందులోనైనా దిగిపోతాడేమో. అమ్మ నిద్రమాత్రలు ఆ పెట్టెలోనే ఉన్నాయి కదా.

గంటన్నరకు అమ్మ ఫోను.

"వచ్చినాడు. మాత్ర ఏసినాడు. తింటి."

"పెట్టె?"

"తెరిసినాడు. నిద్రమాత్రల అట్ట తీసి నా కొంగులో ముడేసినాడు. ఇదొక్కటి నువ్వే పెట్టుకోమ్మా, నాకు కనపడనీవాకు అన్నాడు."

విస్తరి ముందే ఏడ్చేశాను. వడ్డించే ఆమె అది చూసి, "ఓళిగ అంత బాగుండాదా తల్లీ" అని ఇంకొకటి వేసింది.

సాయంత్రం ఇంటికి పోతే వాడు మగ్గంలో ఉన్నాడు. నన్ను చూడగానే అలవాటుగా నోరు తెరిచాడు.

"మూసుకో, ఈగలు దూరతాయి" అన్నాను.

మొలతాడుకు కట్టుకున్న తాళంచెవి విప్పబోయాడు.

"ఉండనీ. రేపు పొద్దున అమ్మకు మాత్ర నువ్వే ఎయ్యి."

వాడు తల వంచుకుని పోగుల మధ్యకు నాడె విసిరాడు. పోగు తెగింది. నా చెయ్యి ముందుకు పోయింది, వెనక్కు తీసుకున్నాను. వాడు అతికేదాకా పక్కనే కూర్చున్నాను.