మాస్టరు కుట్టుకున్న పట్టీ

కటింగ్ మాస్టరు స్టూలు మీంచి పడటంలో ఆయన తప్పేమీ లేదు. ఆ మాట ఆయన ఇప్పటికీ అంటాడు. తప్పు స్టూలుది, కోటు గుడ్డ తానుని పై అరలో పెట్టినవాడిది, సరిగ్గా ఆ క్షణంలోనే “బావా, జాగ్రత్త” అని కేకేసిన బామ్మర్దిది. జాగ్రత్త అని అరిస్తే ఎవడైనా తిరిగి చూస్తాడు. తిరిగి చూస్తే పడతాడు. మధ్యలో ఆయన చేసిందేముంది?

కుడిచేతి మీద పడ్డాడు. భుజం కీలు తప్పింది. ఆసుపత్రిలో కీలు సర్ది, చేతిని మెడకు వేలాడదీసే నీలం పట్టీ ఒకటి తగిలించారు. మూడు వారాలు ఉంచుకోమన్నారు. రోజుకు నాలుగుసార్లు పట్టీ తీసి, ముందుకు వంగి చేతిని మెల్లగా ఊపమన్నారు. మాస్టరు అందులో ఒక్క ముక్క చెవికెక్కించుకుంటే ఒట్టు. ఆయన కళ్ళు పట్టీ మీదే ఉన్నాయి.

“ఎవడు కుట్టాడే దీన్ని?” అన్నాడు, ఇంటికి వస్తూ దారిలో భార్యతో. “కుట్టు చూడు, తాగినవాడి నడకలా ఉంది. అంచులు మడవకుండానే వదిలేశాడు. జబ్బుపడితే మనిషికి కళ్ళు కూడా పోతాయనుకున్నారా వీళ్ళు?”

“చెయ్యి విరగ్గొట్టుకున్నవాడివి చెయ్యి సంగతి చూసుకో” అంది ఆవిడ.

ఆయన చూసుకోలేదు. అదే సాయంత్రం పట్టీని విప్పి బల్ల మీద పరిచి, ఎడమచేత్తో కొలతలు వేశాడు. మిగిలిపోయిన ముదురు రంగు సూటు గుడ్డ, లోపల మెత్తటి లైనింగు, మెడ దగ్గర ఒరుసుకోకుండా దూది, నడుముకు అడ్డంగా ఇంకో పట్టీ. మిషన్ మీద బామ్మర్దిని కూర్చోబెట్టి, పక్కన నిలబడి రెండు గంటలు తిట్టాడు. నాలుగు గుండీలకి కాజాలు భార్యే కుట్టాలి, దుకాణంలో చేతికుట్టు పనంతా ఆవిడది. కుట్టింది. గుండీలు పెట్టాక చెయ్యి ఒంటికి అతుక్కుపోయింది, వెంట్రుకవాసి కదలదు.

“ఇదీ ఫిట్టింగంటే” అన్నాడు అద్దంలో చూసుకుంటూ.

వచ్చిన ప్రతివాడూ మెచ్చుకున్నాడు. పక్క దుకాణం చెప్పుల వ్యాపారి అయితే, తనకీ భుజం నొప్పొస్తే బావుణ్ణన్నాడు. పొగడ్త తలకెక్కితే మనిషికి నొప్పి కూడా తెలియదు కాబోలు. పట్టీ నిద్రలో కూడా తీయలేదు. వంగి ఊపడం చిన్నపిల్లల ఆటన్నాడు. మూడో వారం చూపించుకోవడానికి రమ్మంటే, ఆ కుట్టు కుట్టించిన ఆసుపత్రి గడప మళ్ళీ తొక్కనన్నాడు. మూడు వారాలు ఏడయ్యాయి.

అప్పుడు పోస్టాఫీసాయన వచ్చాడు. ఉద్యోగంలో చేరిన రోజున వేసుకున్న కోటు ఆయనకి మాస్టరే కుట్టాడు. ఇంకో మూడు నెలల్లో రిటైరవుతున్నాడు, దానికో కోటు కావాలి.

“ఎక్కిన రోజు మీ చేతి కోటే వేసుకున్నా. దిగే రోజూ మీ చేతిదే కావాలి” అన్నాడు.

మాస్టరు ఉప్పొంగిపోయి, ఏడు వారాల్లో మొదటిసారి దుకాణంలో గుండీలు విప్పి, మెడలోని టేపు తీయబోయాడు. చెయ్యి లేవలేదు. పళ్ళు బిగించాడు. ప్యాంటు జేబు దాకా వచ్చి ఆగింది. చివరికి బామ్మర్దే టేపు అందుకుని కొలతలు తీశాడు. పోస్టాఫీసాయన వెళ్ళాక మెల్లగా అన్నాడు:

“బావా, అప్పటికి చెయ్యి రాకపోతే కోటు నేను కోస్తాలే.”

“నువ్వు కోస్తే దాన్ని కోటనరు, గోనెసంచంటారు. చొక్కాలు కోసుకో.”

ఇరవయ్యేళ్ళుగా ఆ దుకాణంలో లెక్క అదే. చొక్కాలు, ప్యాంట్లు బామ్మర్ది కోయొచ్చు. కోటు గుడ్డ మీద కత్తెర పెట్టే హక్కు మాస్టరుది. ఆ హక్కు పోతే ఆ బల్ల ముందు తనకేం పని? మర్నాడు పొద్దున్నే గడప తొక్కనన్న ఆసుపత్రికే వెళ్ళాడు.

కసరత్తులు చేయించే అమ్మాయి చేతిని పట్టుకుని ఇటూ అటూ తిప్పి చూసింది. తర్వాత పట్టీ చేతిలోకి తీసుకుంది.

“ఇది మాది కాదే. ఎవరు కుట్టారు?”

“నేనే” అన్నాడు మాస్టరు, పట్టీ వంక గర్వంగా చూస్తూ.

“చాలా బాగా కుట్టారు మాస్టారూ. ఇంకో నెల వేసుకుంటే చేతిని కూడా ఒంటికే కలిపి కుట్టేసుకోవచ్చు. కీలు బిగుసుకుపోయింది.”

“మీ పట్టీ లూజుగా ఉందమ్మా.”

“లూజుగా ఉండాలనే అలా కుట్టారు.”

ముప్పై అయిదేళ్ళ కుట్టుపనిలో లూజుగా ఉండటం కోసం ఎవడైనా ఏదైనా కుడతాడని మాస్టరుకి తట్టలేదు. తట్టాక కూడా నమ్మకం కలగలేదు. ఆ అమ్మాయికి బట్టల గురించి ఏమీ తెలియదని ఇంటికొచ్చి తేల్చేశాడు. అయినా చెప్పినవన్నీ చేశాడు. గోడకి ఎదురుగా నిలబడి వేళ్ళని చీమల్లా పైకి పాకించడం, పాకినచోట సుద్దతో గీత పెట్టడం. రెండు వారాల్లో గీతలు తెగ పైకెళ్ళాయి. మాస్టరు వచ్చిన ప్రతి ఖాతాదారుకీ గోడ చూపించాడు.

భార్య ఒక పొద్దున కాజా కుడుతూనే కళ్ళెత్తి చూసింది.

“భుజం ఎక్కడం లేదు, మడమలు ఎక్కుతున్నాయి. మునివేళ్ళ మీద నిలబడి ఎవర్ని మోసం చేద్దామని? గోడనా?”

మాస్టరు ముఖం మాడ్చుకుని మడమలు దించాడు. గీత జానెడు కిందికి దిగింది. ఆ తర్వాత నుంచీ ఆవిడ ఆయన కాళ్ళ దగ్గరే స్టూలు వేసుకుని కూర్చుని కాజాలు కుట్టింది. నొప్పికి ఆయన నోటికొచ్చిన తిట్లన్నీ తిడుతుంటే, “ఇంకా గట్టిగా తిట్టు, ఇంకో అంగుళం వస్తుంది” అనేది. వచ్చేది కూడా.

సలహాలకైతే కరువు లేదు. ఒకాయన వేడి కాపడమన్నాడు, ఒకాయన మంచు పెట్టమన్నాడు. ఇద్దరూ ఒకేసారి వచ్చిన రోజు మాస్టరు, “మీరిద్దరూ బయటికెళ్ళి తేల్చుకుని రండి, ఇక్కడ నాకు పనుంది” అన్నాడు. పని లేదు. ఉన్నదల్లా గోడే.

మూడో నెల సగానికి చెయ్యి భుజమెత్తు దాకా వచ్చింది. కోటు ఇక ఆగదు. గుడ్డ పరిచి సుద్ద గీతలు మాస్టరే పెట్టాడు. ముందు భాగాలు రెండూ కోశాడు. కత్తెర అంత బరువుంటుందని ఆయన ఎన్నడూ ఎరగడు. చెమట గుడ్డ మీద పడకుండా భార్య పక్కన తువ్వాలుతో నిలబడింది. కాలర్ కోశాడు. కోటు చేతులు కోశాడు. ఇక వెనక భాగం. ముందు భాగాల్లా వంపుల దగ్గర ఆగడానికి లేదు, నిలువునా పొడవు. కత్తెర ఎక్కడా ఆగకుండా బల్ల అవతలి అంచు దాకా సాగిపోవాలి. ఆగితే అంచు పంటిగాట్లలా కనబడుతుంది. మాస్టరు చెయ్యి చాపాడు. బల్ల సగం దాకా వెళ్ళి వణికింది. వెనక్కి తీసుకున్నాడు. మళ్ళీ చాపాడు. మళ్ళీ వణికింది.

బామ్మర్ది మిషన్ ఆపేశాడు కానీ లేవలేదు. గోనెసంచి మాట ఇంకా మరిచిపోయినట్టు లేడు.

“ఒరేయ్” అన్నాడు మాస్టరు, అటు చూడకుండా. “ఖాళీయేనా?”

“చెప్పు బావా.”

“ఏం చెప్పమంటావ్? కళ్ళు లేవా? వచ్చి పట్టుకో.”

బామ్మర్ది కత్తెర పట్టుకున్నాడు. మాస్టరు ఎడమచేత్తో గుడ్డ అదిమిపట్టి, అంగుళానికో తిట్టు తిట్టాడు. మోచెయ్యి దించమన్నాడు. ఊపిరి బిగపట్టమన్నాడు. నీ చేతికంటే గేదె డెక్క నయమన్నాడు. కత్తెర అవతలి అంచు దాకా ఒకే ఊపున వెళ్ళింది. ముక్కని వెలుతురుకి పట్టి అంచు పొడవునా తప్పు కోసం వెతికాడు మాస్టరు. ఎంతసేపు వెతికినా దొరకలేదు. దాంతో మరింత చిరాకుపడ్డాడు.

ట్రయల్‌కి పోస్టాఫీసాయన వచ్చాడు. కోటు తొడుక్కుని, చేతులు ఆడించి, “మీ చెయ్యి బాగైపోయినట్టేనన్నమాట. మొత్తం మీరే కోశారుగా?” అన్నాడు.

అవునంటే సరిపోయేది. బామ్మర్ది కాదనడు, భార్యా కాదనదు. మాస్టరు టేపుని రెండుసార్లు చుట్టి, రెండుసార్లు విప్పాడు.

“ముందు భాగం నేను కోశాను” అన్నాడు. “వెనకది మా బామ్మర్ది కోశాడు. వెనకది మీకెలాగూ కనబడదు.”

బామ్మర్ది గబుక్కున తల వంచుకుని, దారం లేని మిషన్ తొక్కడం మొదలెట్టాడు. పోస్టాఫీసాయన అద్దం వైపు వీపు పెట్టి, మెడ తిప్పి చాలాసేపు చూసుకున్నాడు.

“వెనక బ్రహ్మాండంగా ఉందండీ.”

“ముందు సంగతి చెప్పండి” అన్నాడు మాస్టరు.