వయ్యారిభామను గజ్జి అని రాశాను

2007 వానాకాలం. ఇబ్రహీంపట్నం దగ్గర ఒక ఊళ్లో, సబ్ సెంటర్‌లో నేను ఏఎన్ఎంగా పనిచేస్తున్నాను. సబ్ సెంటర్ అంటే ఆస్పత్రి కాదు. రెండు గదులు, ఒక బల్ల, టీకాల పెట్టె, బీపీ మిషను. ఏఎన్ఎం అంటే డాక్టరు కాదు. టీకాలు వేయడం, గర్భిణులను చూడడం, చిన్న జబ్బులకు మందివ్వడం, మా చేతికి మించినదాన్ని పెద్ద దవాఖానకు పంపడం మా పని. ఎక్కడ మించిందో గుర్తుపట్టడమే ఇందులో అసలు విద్య. అది నాకు బాగా వచ్చని ఆ ఏడాది దాకా అనుకునేదాన్ని.

హైదరాబాదు మా వైపు పెరుగుతున్న రోజులవి. జొన్న, కంది, ఆముదం పండిన చెలకల్లో సున్నం కొట్టిన హద్దురాళ్లు లేచాయి. వెంచర్ అని బోర్డు పెట్టేవారు. కొన్నవాళ్లు నగరంలో ఉంటారు. ఇల్లు కట్టరు, దున్నరు. నాగలి ఆగిన నేలలో వయ్యారిభామ దిగింది. ఎక్కడో పరదేశం నుంచి వచ్చిన కలుపు ఇది, మా ఊళ్లో పిచ్చిచెట్టు అంటారు. క్యారెట్ ఆకులాంటి ఆకు, చిన్న తెల్ల పూలు, నడుమెత్తు పెరుగుతుంది. పశువు ముట్టదు. బడి వెనక వెంచర్‌లోంచి బడి ఆవరణలోకి, అక్కడి నుంచి మా చర్చి జాగాలోకి కూడా వచ్చింది. మేం దాన్ని చూస్తూ నడిచి వెళ్లేవాళ్లం.

యాదమ్మ ఆ బడిలో మధ్యాహ్న భోజనం వండేది. ముప్పై ఐదేళ్ల మనిషి. భర్త పోయాక ఉన్న ఎకరం కూడా బావలు అమ్మేశారు. ఆమెకూ ఇద్దరు ఆడపిల్లలకూ ఆ వంట పనే ఆధారం. ఒకరోజు పైట మెడకు చుట్టుకొని వచ్చి నా బల్ల ముందు కూర్చుంది. కనురెప్పలు ఉబ్బాయి. మెడ, మోచేతులు కందిపోయి, గీరుకున్న చోట రసి కారుతోంది.

"రాత్రంత నిద్ర లేదు సిస్టరమ్మా, గోకుడే గోకుడు."

"ఇంట్ల ఇంకెవలకన్న ఉందా?"

"చిన్నదానికి జర ఉంది. దానికి దోమలు కుట్టినయ్ తియ్యి."

రాత్రి దురద, ఇంట్లో ఇంకొకరికి దురద. ట్రైనింగులో మాకు నేర్పిన గుర్తులు రెండూ కలిశాయి. రిజిస్టర్‌లో 'గజ్జి' అని రాశాను, మెడ నుంచి పాదాల దాకా పూసుకునే లోషన్ ఇచ్చాను, బట్టలు ఉడకబెట్టమన్నాను. లేవబోతూ ఆమె ఇంకో మాట చెప్పింది.

"మా అమ్మగారింటికి పోతె నాల్గు రోజులకు తగ్గింది. ఇంటికి రాంగనే మల్ల లేసింది."

"పక్కబట్టలు ఉతకలేదు గదా, గందుకే," అన్నాను. బయట ఇంకో పదిమంది ఉన్నారు.

ఆ సాయంత్రం బడి గేటు దగ్గర హెడ్మాస్టరు రాజలింగం సారు అడిగాడు, యాదమ్మకేమైంది సిస్టర్ అని. "గజ్జి సారు. తగ్గేదాక వంటకు రాకుంటెనే మంచిది," అన్నాను. ఒక రోగి జబ్బు ఇంకొకరికి గేటు దగ్గర నిలబడి చెప్పకూడదు. మొదటి రోజే నేర్పే పాఠం. పిల్లల మేలు కోరి చెబుతున్నానని అనుకున్నాను.

తెల్లారేసరికి ఊరంతా తెలిసింది. సత్తెమ్మ అని ఒకామె, ఇద్దరు కొడుకులు ఆ బడిలోనే చదువుతున్నారు, గొంతు పెద్దది. "గజ్జి చేతుల బువ్వ మా పోరలు తినరు," అని బడికే వచ్చి చెప్పింది. వంటకు ఇంకొకామెను పెట్టారు.

మూడు వారాల తర్వాత యాదమ్మ మళ్లీ వచ్చింది. ముఖం ఇంకా పాడైంది. మందు సరిగ్గా పూసుకోవడం లేదని కసిరాను.

"పూసుకున్న. పెయ్యంత మండింది. పూసుకునుడు బంద్ జేసినంక జర నయమైంది." లేచి నిలబడింది. "నా ఒంటి మీద గజ్జి లేదు సిస్టరమ్మా. నీ కాయితం మీదనే ఉంది."

నాకు కోపం వచ్చింది. ఆ రాత్రి ప్రార్థనలో ఆమె పేరు ఎత్తి, ప్రభువా, ఈమె మొండితనాన్ని కరిగించు అని వేడుకున్నాను. నిజాయితీగానే వేడుకున్నాను. అదే ఇప్పటికీ గుచ్చుతుంది.

అక్టోబరులో మా చర్చిలో కోతకాలపు పండుగ. పండిన దానిలోంచి మొదటిది తెచ్చి బలిపీఠం ముందు పెట్టడం, ఆరాధన అయ్యాక వేలం వేయడం మా ఆచారం. నా చిన్నప్పుడు జొన్న కంకులు, గుమ్మడికాయలు, కోడిపుంజులు వచ్చేవి. ఆ ముందటి ఏడు చాలామంది ఇబ్రహీంపట్నం సంతలో క్యాలీఫ్లవర్ కొనుక్కొచ్చి పెట్టారు. భూమి లేనివాళ్లం ఏం తేవాలి? ఈసారి చెమట తెద్దాం, చర్చి జాగా, బడి జాగా శుభ్రం చేద్దాం అని స్త్రీల కూడికలో నేనే అన్నాను. అయ్యగారు, అంటే మా పాస్టరుగారు, సంతోషించారు.

శనివారం ఇరవై మందిమి దిగాం. పాటలు పాడుతూ పీకాం. ఒకామె చేతులకు గుడ్డ చుట్టుకుంటే, "పెండ్లికొచ్చినవా, పనికొచ్చినవా?" అని వెక్కిరించాను. కలుపు మీద చర్చిలో నేను విన్న ప్రసంగాలకు లెక్కలేదు. చేతులకు ఏదైనా తొడుక్కొమ్మని ఏ ప్రసంగమూ చెప్పలేదు.

సోమవారం ఉదయం అద్దంలో చూసుకుంటే కనురెప్పలు ఉబ్బి ఉన్నాయి. మోచేతి మడతల్లో ఎర్రటి పొక్కులు. రవిక చేతి అంచు ఎక్కడ ఆగిందో అక్కడ గీత గీసినట్టు ఆగిపోయాయి. వేళ్ల సందులు చూసుకున్నాను, శుభ్రంగా ఉన్నాయి. గజ్జి ముందుగా దూరేది అక్కడే. యాదమ్మ వేళ్ల సందులు నేను ఎన్నడూ చూడలేదు. అద్దంలో కనిపిస్తున్నది నా ముఖం కాదు, ఆమె ముఖం.

ఆ పూటే యాదమ్మ ఇంటికి వెళ్లాను. వాకిలి ఊడుస్తోంది. నన్ను చూసి చీపురు గోడకు ఆనించింది. ఎండిన పుల్లల కట్ట అది. కొసల్లో తెల్లటి పూలు పొడిపొడిగా ఇంకా ఉన్నాయి.

"దీన్ని దేనితోటి కట్టినవ్ యాదమ్మా?"

"గీ పిచ్చిచెట్టుతోనే. ముందుగాల గట్ల మీద చీపురుచెట్టు దొరికేది. ఇప్పుడు గట్లేడున్నయ్?"

"బడికాడ వంట షెడ్డు గూడ దీంతోనే ఊడ్చినవా?"

"అవ్. రోజు పొద్దుగాల. ఇంటికాడ, బడికాడ." నా ముఖం వైపు చూసింది. "నీకేమైంది? నీక్కూడ గజ్జి లేసిందా?"

నవ్వలేదు. నేనూ నవ్వలేకపోయాను. అమ్మగారింట్లో ఎవరు ఊడుస్తారని అడిగితే, వదిన ఊడుస్తుంది, నన్ను చీపురు పట్టనియ్యదు అంది. మూడు నెలల కింద ఆమె నా బల్ల ముందే చెప్పిన మాటకు అర్థం ఇదే.

ఆమెను నగరంలో పెద్ద దవాఖాన చర్మం విభాగానికి తీసుకెళ్లాను. అక్కడ ప్యాచ్ టెస్ట్ చేశారు. అనుమానం ఉన్న పదార్థాలను వీపు మీద పట్టీల కింద పెట్టి, రెండు రోజులాగి ఏది కందిందో చూసే పరీక్ష. వయ్యారిభామ పట్టీ కింద చర్మం పొంగింది. కాంటాక్ట్ డెర్మటైటిస్ అన్నారు. ఒంటికి పడనిది తగిలితే వచ్చే వాపు. ఒకరి నుంచి ఒకరికి అంటదు.

"గజ్జి అని ఎవరు రాశారు?" అని డాక్టరమ్మ అడిగింది.

"నేనే మేడమ్."

ఆమె నన్ను తిట్టలేదు. "మందు వాపును తగ్గిస్తుంది, అంతే. మొక్క ఎదురుగా ఉన్నంతకాలం మళ్లీ మళ్లీ వస్తుంది," అని చీటీ రాసిచ్చింది.

ఆ ఆదివారం ఆరాధనలో సాక్ష్యాల సమయంలో లేచి నిలబడి, నా తప్పు వల్ల ఒక స్త్రీ పని పోయిందని ఒప్పుకున్నాను. ఏడ్చాను. అందరూ స్తోత్రం అన్నారు. మనసు తేలికైంది. తేలికైన మనసుతోనే వెళ్లి యాదమ్మకు చెప్పాను.

"మీ గుడిల చెప్తె మీ దేవుడు ఇన్నడేమో," అంది ఆమె బియ్యం చెరుగుతూ. "బడి పోరల తల్లులు ఇన్నరా?"

వాళ్లలో దాదాపు ఎవరూ వినలేదు. మా చర్చికి వచ్చే ఇళ్లు ఊళ్లో పదిహేనే.

నవంబరులో బడి కమిటీ కూర్చున్నప్పుడు వెళ్లాను. తల్లులు ముప్పై మంది దాకా ఉన్నారు. డాక్టరు చీటీ చదివాను, నా చేతుల మీద మిగిలిన మచ్చలు చూపాను. "ఇది యాదమ్మను ముట్టుకుంటె రాలేదు. బడి జాగల పిచ్చిచెట్టు పీకితె వచ్చింది. తప్పు నాది," అన్నాను.

సత్తెమ్మ లేచింది. "నాడు గజ్జి అంటివి. నేడు గాదంటివి. రేపేమంటవ్?"

రాజలింగం సారే మధ్యలోకి వచ్చాడు. "చీటీ ఉంది, కాదనను. గని తల్లులకు నమ్మకం కుదరాలె. వచ్చే వానలదాక చూద్దాం. ఈ జాగ సాఫ్ జెయ్యుండ్రి. వానల్ల గూడ యాదమ్మ చేతులు మంచిగుంటె ఆమెనే వండుతది. లేదంటె ఇప్పుడున్నామెనే ఖాయం."

అంటే యాదమ్మ పని ఇప్పుడు ఆ నేల మీద ఆధారపడింది.

ఈసారి తయారై దిగాం. చీరల మీద మగవాళ్ల పొడుగు చేతుల చొక్కాలు, చేతులకు ప్లాస్టిక్ కవర్లు, ముక్కుకు గుడ్డ. నేల తడిగా ఉన్నప్పుడు, పూత రాకముందే, వేరుతో సహా పీకాలి. గుంతలో వేసి మట్టి కప్పాలి. చర్చి వాళ్లతో మొదలైంది, పిల్లలు చూసి వాళ్ల తల్లుల్ని తెచ్చారు. యాదమ్మ ఆ చీపురు పారేసింది, ఆమెను మాత్రం దగ్గరికి రానివ్వలేదు. దూరంగా గట్టు మీద కూర్చొని, "గా మూలకు ఉంది చూడు, కండ్లు కనవడ్తలేవా?" అని అజమాయిషీ చేసేది. డిసెంబరులో ఒక జల్లు పడింది. పది రోజుల్లో పీకిన చోటల్లా మళ్లీ మొలకలు, మునుపటికన్నా ఒత్తుగా.

అప్పుడు మాట్లాడింది బాలవ్వ. ఊళ్లో కూరాకు ఏరి అమ్మే ముసలామె. "పీకుడు పీకుడే బిడ్డా. జాగ ఖాళీగ ఉంటె ఎవలు ముందొస్తె వాళ్లదే, మీ ప్లాట్ల లెక్క. తంటెం జల్లుండ్రి. అది గుంపుగ లేసిందంటె దీన్ని లేవనియ్యదు. మా చెలకల సూసిన."

తంటెం తెలియనివాళ్లకు చెబుతాను. వానలకు మొలిచే, పసుపు పూల మొక్క. లేత ఆకు పప్పులో వేసుకుంటారు. ఊరి చుట్టూ ఉండేది, చెలకలతో పాటే తగ్గిపోయింది. పెద్ద చెరువు కట్ట వెంట ఇంకా ఉందని బాలవ్వకు తెలుసు. ఆ చలికాలమంతా ఆమె, యాదమ్మ ముందు నడిస్తే, మేం వెనక సంచులు పట్టుకొని ఎండిన కాయలు కోశాం. కంచె వెంట తంగేడు పెడదామని యాదమ్మే అంది. బతుకమ్మకు తంగేడు కూడా కొనుక్కొచ్చుకునే కాలం వచ్చిందని ఆమె బాధ. పిల్లలు పాల ప్యాకెట్లలో నారు పెంచారు. చర్చి కంచెకు బతుకమ్మ పువ్వేమిటని మా పెద్ద ఒకాయన సణిగాడు. ఆ పువ్వుకు పసుపు రంగు వేసింది మన దేవుడు కాకపోతే ఎవరని అడిగాను. ఆయన తంగేడుకు నీళ్లు పోయడం తర్వాత నేనే చూశాను.

మే చివర్లో విత్తనాలు జల్లాం. వెనక వెంచర్‌లో కూడా జల్లనివ్వమని వాచ్‌మన్‌ను అడిగితే, "సేటు అడిగితె గాలికి పడ్డయని చెప్త," అన్నాడు.

జూన్‌లో వానలు పడ్డాయి. రెండు రకాల మొలకలూ కలిసే లేచాయి. పిల్లలతో పాటు తల్లులూ కూర్చొని వయ్యారిభామను మాత్రమే ఏరారు. రెండోసారి ఏరేటప్పటికి అది పలచబడింది. జూలైలో బడి ఆవరణ నిండా తంటెం మోకాలెత్తు నిలబడింది. యాదమ్మ మళ్లీ గట్టు మీదే ఉంది. ఆమె చేతులు నున్నగా ఉన్నాయి. రోజూ సబ్ సెంటర్‌కు వెళ్లే ముందు ఆ చేతులు చూసి వెళ్లేదాన్ని.

కమిటీ మళ్లీ కూర్చోవడానికి నాలుగు రోజుల ముందు సత్తెమ్మ నా బల్ల ముందుకు వచ్చింది. పైట ముఖం మీదికి లాక్కుంది. తీస్తే రెండు రెప్పలూ ఉబ్బి ఉన్నాయి. కలుపు ఏరేటప్పుడు చెమట పట్టిందని కవర్లు తీసేసి, అదే చేత్తో ముఖం తుడుచుకుందట.

"సిస్టరమ్మా," అంది మెల్లగా, "నాది గూడ గజ్జేనా?"

వేళ్ల సందులు చూశాను, నడుము దగ్గర చూశాను. ఏం ముట్టుకుందో, ఎప్పుడు మొదలైందో అడిగి రాసుకున్నాను. "గాదు. గని నా మాట నమ్ముతవా?" అన్నాను.

కమిటీ రోజు సారు ఇంకా ఏమీ అనకముందే ఆమె లేచింది. రెప్పల వాపు పూర్తిగా తగ్గలేదు. "నాడు యాదమ్మను వద్దన్నది నేనే. ఇగో, నా మొఖం సూడుండ్రి. నా పోరలకు నేను వండి పెడ్తలేనా? వాళ్లు తింటలేరా? యాదమ్మనే వండాలె." ఎవరూ కాదనలేదు. సోమవారం నుంచి రమ్మని సారు చెప్పాడు.

రెండు ఇళ్ల పిల్లలు ఆ ఏడాదంతా ఇంటి నుంచే డబ్బా తెచ్చుకున్నారు. ఆ ఇళ్లకు నేను మూడుసార్లు వెళ్లాను. యాదమ్మ ఒంటికి ఆ మొక్క పడకపోవడం జీవితాంతం ఉంటుంది. వానాకాలంలో ఇప్పటికీ పొడుగు చేతుల చొక్కా వేసుకుంటుంది.

ఆ సోమవారం నేను వంట షెడ్డుకు వెళ్లాను. పెద్ద గిన్నెలో పప్పు ఉడుకుతోంది, అందులో తంటెం ఆకు. తొమ్మిది నెలలుగా నా మనసులో ఉన్న మాట అడిగాను. నన్ను క్షమించినవా యాదమ్మా? క్షమించాను అని ఆమె నోట వినాలని నాకు ఆశ. మా విశ్వాసంలో ఆ మాటకు చాలా విలువ.

ఆమె గరిటె తిప్పుతూనే ఉంది. "మాఫీ గీఫీ నాకు తెల్వది. ఇగ మీదట ఎవల పేరు మీదన్న ఏమన్న రాస్తె, ముందుగాల వాళ్లింటికొచ్చి సూడు."

తర్వాత పద్నాలుగేళ్లు ఉద్యోగం చేశాను. తప్పు ఒప్పుకోవడం తేలిక, అది ఎవరి ముందు చేశానో వాళ్ల ముందే నిలబడి ఒప్పుకోవడం కష్టం అని ఆ కేసు నేర్పింది. ఒక మందుకు రెండు వారాల్లో తగ్గని మనిషి కనిపిస్తే, మందు మార్చే ముందు ఆమె వాకిట్లోకి వెళ్లి, పొద్దున్నే ఆమె చేతులు ఏం పట్టుకుంటాయో చూసి వచ్చేదాన్ని. రాయడం ఆ తర్వాతే.